మగ్గం గదిలో పంజరాలు

మా వీధిలో నా గురించి ఒక మాట తిరుగుతోంది. రిటైరైన ముసలాయనకు పొద్దుపోక, సొంత మనిషి దుకాణం ముందర నిలబడి బేరాలు చెడగొడుతున్నాడని. బేరాలు చెడగొట్టిన మాట నిజం. పొద్దుపోక అన్నది మాత్రం అబద్ధం. నాకు పొద్దు చాలదు. లేవగానే నిన్నటి సంగతి డైరీలో రాయాలి, తొట్లలో మొక్కలకు నీళ్లు పోయాలి, బస్టాండు దాకా నడిచి పేపరు తెచ్చుకోవాలి, అది మొదటి పేజీ నుంచి చివరిదాకా వరసగా చదవాలి. ఏ పనైనా వరస తప్పితే నాకు ఆ రోజంతా తోచదు. అట్లాంటి మనిషిని, ఆ వరసలోకి దుకాణం ముందు నిలబడటాన్ని నేనే కావాలని చేర్చుకున్నాను. ఎందుకో రాస్తాను. చదివాక కూడా తప్పు నాదేనంటే అనుకోండి. రేపు మళ్లీ నిలబడతాను.

నా ఉద్యోగం ఆదోనిలో, ఒక పత్తి ప్రెస్సింగు మిల్లులో గుమాస్తా. ఇల్లు మాత్రం ఎమ్మిగనూరు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో వచ్చాను. పుట్టింది మగ్గాల ఇంట్లో, పిల్లనిచ్చింది మగ్గాల ఇంట్లో. నా భార్య పెళ్లికి ముందే పెద్ద అంచు చీరలు నేసిన మనిషి. మా వీధిలో ఇప్పటికీ పగలంతా మగ్గాల చప్పుడు వినపడుతుంది. అయితే ఏడాదికేడాదికి పలచబడుతోంది.

ఆ దుకాణం పెట్టింది నా భార్య అక్క కొడుకు. నన్ను చిన్నాయన అంటాడు. తండ్రి పోయాక వాడే మగ్గం మీద కూర్చున్నాడు. చీరలకు గిరాకీ తగ్గిపోయి, నేసినది ఇంట్లోనే మడతపడి ఉండే రోజులు వచ్చాక ఒకనాడు మగ్గం విప్పేశాడు. కాళ్లు పెట్టుకునే గుంటను మట్టితో పూడ్చి, పైన నాపరాళ్లు పరిపించాడు. కారుతున్న మట్టి మిద్దె తీయించి రేకులు వేయించాడు. వీధి వైపు వసారాకు షట్టరు పెట్టించి అక్కడ రంగు చేపల తొట్లు, మేత ప్యాకెట్లు, అందమైన పంజరాలు ఒకటి రెండు సర్దుకున్నాడు. కుక్కపిల్లలు, కుందేళ్లు, పావురాలు, లవ్ బర్డ్స్, ఇట్లా మిగతా సరుకంతా వెనకున్న మగ్గం గదిలో పెట్టాడు.

వీధంతా సంతోషించింది. నేనూ సంతోషించాను. మా పిల్లల్లో ఒకడు మగ్గం వదిలినా కూలికి బెంగుళూరు పోకుండా సొంతంగా నిలబడ్డాడు. తెరిచిన రోజు టెంకాయ కొట్టింది నేనే.

మగ్గం గది ఎట్లా ఉంటుందో తెలియనివాళ్లకు చెప్పాలి. గాలి తగిలితే మగ్గం మీది నూలు ఎండి పోగు తెగుతుంది. అందుకని మా వాళ్లు ఆ గదికి కిటికీ పెట్టరు. ఉన్నా గోనెపట్ట కట్టి మూస్తారు. ఎండాకాలం నేల తడిపి, తలుపు ఓరగా వేసి లోపల కూర్చుంటారు. మాకు అది ఇబ్బందిగా తోచదు. పుట్టినప్పటి నుంచి అదే గది, అదే చీకటి, అదే చెమ్మ. గాలి రాని గదిని మేము మంచి గది అంటాము. పంజరాలు అందులో పెట్టినప్పుడు మాలో ఒక్కరికైనా అనుమానం రాకపోవడానికి కారణం అదే.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం నా భార్య వాళ్ల అక్కకు మామిడికాయ ఊరగాయ ఇచ్చి రమ్మంది. పోయేసరికి షట్టరు సగం దించి ఉంది. మా వాడు పక్కగదిలో ఫ్యాను కింద నిద్రపోతున్నాడు. సీసా కింద పెట్టి, వెనక గది తలుపు తోసి చూశాను.

ముందు వేడి మొహానికి కొట్టింది. తర్వాత వాసన. కళ్లు మండి కాసేపు ఏమీ కనపడలేదు. కుందేళ్లు నాపరాయి మీద పొట్టలు ఆనించి, కాళ్లు చాపి, తొక్కిన చెప్పుల్లాగా పడి ఉన్నాయి. కుక్కపిల్లలు ఒకదాని మీద ఒకటి పంజరం మూలకు చేరి నాలుకలు వేలాడేసుకున్నాయి. నీళ్ల గిన్నె ఉంది, తిరగబడి ఉంది. అన్నిటికన్నా పైవరస లవ్ బర్డ్స్ ది, రేకుల కింద. నేను చెయ్యి ఎత్తి రేకు తాకబోయి వెనక్కి తీసుకున్నాను. ఆ పిట్టలన్నీ ముక్కులు తెరుచుకొని ఉన్నాయి. ఒక్కటీ కూయడం లేదు.

వాటిలో ఒకటి తలకిందులుగా వేలాడుతోంది. మొదట ఆడుకుంటోందనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే, కాలికి నూలు చుట్టుకొని ఉంది. ఆ నూలు రెండో కొస పంజరం తీగకు చిక్కుకొని ఉంది. పంజరాల అడుగున అన్నింటిలోనూ నూలే. మగ్గాల మీద తెగిన పోగులు, చిక్కుపడి పారేసేవి, రంగురంగులవి, ముద్దలు ముద్దలుగా పరిచి ఉన్నాయి.

మా వాణ్ణి లేపాను.

"ఏమిరా, ఈ నూలు ఎవరు పెట్టినారు?"

"మన వీధోళ్లే సిన్నాయనా. మెత్తగా ఉంటాదని అందరూ తెచ్చిస్తాండారు," అని కళ్లు నులుముకున్నాడు. "పట్టుపోగులు గూడ ఉండాయి సూడు. మన పెండ్లిండ్లలో గూడ ల్యాకపాయె పట్టుపరుపు!"

"పరుపు కాదురా, ఉరి. ఇట్ల వచ్చి సూడు."

వాడు చూశాడు. చూసి, "అయ్యో" అన్నాడు. ఆ అయ్యో నిజమే, నేను కాదనను. తర్వాత, "అదొకటి యాపారంల పోతాది లే సిన్నాయనా" అన్నాడు.

ఆ పిట్టను తువ్వాలులో చుట్టుకొని ఇంటికి తెచ్చాను. నా భార్య సూది, బ్లేడు తీసుకొని వాకిట్లో వెలుతురుకు కూర్చుంది. తెగిన పోగును కంటితో చూడకుండానే వేలితో పట్టుకోగలిగిన మనిషి, ఆ రోజు అద్దాలు పెట్టుకొని ఎంతోసేపు కష్టపడింది. నూలు చర్మం కిందికి దిగిపోయింది. కాలు ఎండిన పుల్లలాగా నల్లబడింది.

"ఈ నూలు మనింటిదే," అంది చివరికి, తీసిన పోగును చేతిలో పెట్టుకొని. "ఈ ఆకుపచ్చ నేనే ఇచ్చినా. పోయిన వారం."

మరుసటి రోజు పిట్టను అట్టపెట్టెలో పెట్టుకొని ఆదోని బస్సెక్కాను. అక్కడ పిట్టలకు కూడా చూసే పశువుల డాక్టరు ఉన్నాడని ఎవరో చెప్పారు. కండక్టరు పెట్టె వైపు చూశాడు.

"పెద్దాయనా, దాంట్ల ఏముండాది?"

"పిట్ట. కాలు బాగల్యా."

"ఎగిరే దానికి కాలెందుకప్పా!" అన్నాడు. ముందు సీట్ల వాళ్లు నవ్వారు.

పక్కన మిరపకాయల మూటతో కూర్చున్న ఆడమనిషి ఊరుకోలేదు. "దిగినప్పుడు యాడ నిలబడల్ల మరి, నీ నెత్తి మీదనా?" అంది. అప్పుడు బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వి, కిటికీ పక్క నీడ ఉన్న సీటు నాకు ఇప్పించాడు.

డాక్టరు చచ్చిపోయిన కాలు తీసేశాడు. ఒంటి కాలితో బతుకుతుంది, భయం లేదన్నాడు. మిగతా పిట్టల కాళ్లు కూడా చూసుకోమన్నాడు.

ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోకుండా దుకాణానికే పోయాను. మా వాడితో నెమ్మదిగానే మాట్లాడాను. నూలు తీసేయ్, ఊకో పేపరో వెయ్యి అన్నాను. గిన్నెలు తిరగబడకుండా తీగతో కట్టమన్నాను. ఎండ తగ్గేదాకా పంజరాలన్నీ పగటిపూట పెరట్లో వేపచెట్టు కింద పెట్టమన్నాను.

"పెరట్ల పెడితే పిల్లులు బతకనిస్తాయా? దొంగలు ఎత్తకపోతే నువ్వు తెచ్చిస్తావా?" అన్నాడు. "ఈ గదిలోనే కదా నాయన పుట్టినప్పట్నుంచి సచ్చేదాకా నేసినాడు. మనిషి ఉండంగా ల్యాంది కుక్కపిల్ల ఉండల్యాదా?"

"మీ నాయన తలుపు తీసుకొని బయటికి వస్తాండె కదరా."

"సిన్నాయనా, మీ మిల్లులో పత్తి పాడుకాల్యాదా ఎప్పుడూ? సరుకన్నాక కొంత పోతాది."

"పత్తికి నోరెండదు," అన్నాను.

వాడు చేపలకు మేత వేయడానికి అటు తిరిగాడు.

అడగవలసిన తీరులో అడిగాను. వినలేదు. ఎండలు ఇంకా ముదురుతున్నాయి. ఆ గదిలో ఉన్నవి వానలు పడేదాకా బతకాలంటే ఎవరో ఒకరు అడ్డం నిలబడాలి. మరుసటి రోజు మధ్యాహ్నం గొడుగు వేసుకొని దుకాణం ముందర నిలబడ్డాను. దుకాణంలో కాదు, వీధిలో. వీధి ఎవరి సొత్తూ కాదు. వచ్చినవాళ్లకు ఒక్కటే మాట చెప్పాను: "కొనండప్పా. కొనకముందు వెనక గది సూసి కొనండి."

ఒక్క అబద్ధం చెప్పలేదు. వాణ్ణి ఒక్క మాట తిట్టలేదు. వెనక గది చూడమన్నాను, అంతే. కొందరు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి లోపలికి పోయారు. కొందరు పోయి, ముక్కు మూసుకొని బయటికి వచ్చి, ఏమీ కొనకుండా వెళ్లిపోయారు. ఒక తండ్రి కూతురికి కుందేలు కొనిస్తానని తెచ్చాడు. ఆ పాప లోపలినుంచి ఏడ్చుకుంటూ వచ్చి, "నాన్నా, అన్నీ కొనేద్దాం" అంది. అన్నీ కొంటే మళ్లీ అన్నీ తెస్తాడు తల్లీ అని చెప్పడానికి ఆ పాప వయసు చాలదు.

అట్లా వారం తిరగకముందే వదిన మా ఇంటికి వచ్చింది. నా భార్యకు అక్క, మా వాడికి తల్లి. కూర్చోలేదు.

"ఏమి మరిదీ, నా కొడుకు మళ్ల మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని ముసలోడైతేనే నీకు సంతోషమా? నువ్వు మిల్లుల కుర్చీ మీద కూసొని బతికినావు. వానికి ఎవరిచ్చినారు కుర్చీ?"

అది నిజమైన మాట. మాకందరికీ వాడు నిలబడటం కావాలి. అయినా, "వాడు అంగడి మూయల్లని నేను అనల్యా వదినా. తలుపు తియ్యల్లంటాండా," అన్నాను.

"కుక్కలకూ పిట్టలకూ వకాల్తా పట్టినాడు మహరాజు!" అని నా భార్య వైపు తిరిగింది. "నువ్వన్నా సెప్పవేమే?"

నా భార్య, "అక్కా, ఆ పిట్ట కాల్లోనుంచి నూలు తీసింది నేను" అంది.

వదిన బొట్టు పెట్టించుకోకుండా వెళ్లిపోయింది. అక్కచెల్లెళ్ల మధ్య అట్లా ఎప్పుడూ జరగలేదు. ఆ రాత్రి నా భార్య అన్నం తినలేదు. నిలబడటం మానేయమని మాత్రం అనలేదు.

తర్వాత కులపెద్దలు పిలిపించారు. అమ్మవారి గుడి మంటపంలో కూర్చున్నాము. అందరూ తెలిసినవాళ్లే, సగం మంది చుట్టాలు. మా వాడు ఒక మూలన తల వంచుకొని కూర్చున్నాడు. కులపెద్ద నాకంటే పెద్దవాడు, ఇంకా నేస్తాడు. నన్ను చిన్నప్పటి నుంచి ఎరుగును.

"ఏమప్పా, సదువుకున్నోనివి. మన పిల్లోని కడుపు మనమే కొట్టుకుంటామా?" అన్నాడు.

"కొట్టకూడదన్నా. వాడు గూడ కొట్టకూడదు."

"మూగజీవాలకు ఎండ తగుల్తాదని నువ్వు పంచాయితీ దాకా తెచ్చినావా?"

"తెచ్చింది మీరు. నేను వీధిలోనే ఉంటిని."

ఎవరో నవ్వి ఊరుకున్నారు. ఇంకొకాయన అందుకున్నాడు. "మనమంతా ఆ గదుల్లోనే పుట్టినాము, ఆడనే పెరిగినాము. మనకేమైంది?"

దానికి అందరూ తలలు ఊపారు. కులపెద్ద ఇక చాలన్నట్టు చేయి ఎత్తి, పళ్లెంలో తాంబూలం పెట్టి మా ఇద్దరి మధ్యకు జరిపాడు. మా వాళ్లలో అది పద్ధతి. ఇద్దరూ చెరొక ఆకూ వక్కా తీసుకుంటే తగవు తీరినట్టు. ఆ తర్వాత దాని గురించి ఎవరు నోరెత్తినా కులానికి తప్పు చేసినట్టు. మా వాడు వెంటనే తీసుకున్నాడు. అందరూ నా చేతి వైపు చూశారు. ఆ మంటపంలో తాంబూలం ముట్టకుండా లేచినవాణ్ణి నా ఎరుకలో నేను చూడలేదు.

"అన్నా, ఈ ఆకు తీసుకుంటే రేపట్నుంచి నేను నోరు మూసుకోవల్ల. ఎండ మూసుకుంటాదా?" అన్నాను. "మనమంతా ఆ గదిలోనే పెరిగినామంటాండారు. పెరిగింది మట్టి మిద్దె కింద. ఇప్పుడు ఆడ రేకులుండాయి. రేపు పంచాయితీ ఆ గదిలోనే పెట్టండి. నడి మధ్యాహ్నం, తలుపేసుకొని. పంచాయితీ ముగిసేదాకా మీరందరూ కూసుంటే, ఆడనే ఆకు తీసుకుంటా. కాళ్లకు గూడ మొక్కుతా."

మంటపంలో గోల లేచింది. పెద్దల మాటకు ఎదురాడినాడని ఒకరు, బుర్ర చెడిందని ఒకరు. కులపెద్ద మాత్రం, "సరే పా," అన్నాడు. "మగ్గం గదికి భయపడతామా మనం."

మరుసటి మధ్యాహ్నం రావలసినవాళ్లలో సగం మంది రాలేదు. ఒకరికి పనిపడింది, ఒకరికి కడుపునొప్పి. కులపెద్ద వచ్చాడు, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. మా వాడు తలుపు వేశాడు. తిరగేసిన పెట్టెల మీద పంజరాల మధ్య కూర్చున్నాము. నేను కూడా కూర్చున్నాను. చెప్పినవాణ్ణి బయట ఉంటే న్యాయం కాదు.

మొదట అందరూ గంభీరంగా ఉన్నారు. తర్వాత ఒకాయన తువ్వాలు తీశాడు. ఇంకొకాయన దగ్గడం మొదలుపెట్టాడు, ఆగలేదు. కులపెద్ద చెమట నుదుటి మీదనుంచి కారి, మోకాలి మీద పెట్టిన చేతి మీద పడుతోంది. పక్క పంజరంలోని కుక్కపిల్ల లేచి, తీగల సందులోనుంచి మూతి పెట్టి ఆ చెయ్యి నాకింది. ఆయన చెయ్యి తీయలేదు. అది నాకుతూనే ఉంది. ఆ గదిలో దానికి దొరికిన తడి అదొక్కటే.

"తలుపు తీ," అన్నాడు కులపెద్ద.

"ఇప్పుడే కదా కూసున్నారు పెద్దనాయనా," అన్నాడు మా వాడు.

"తీ అంటాండా కదరా!"

బయటికి వచ్చి తొట్టిలో నీళ్లు ముంచి నెత్తిన పోసుకున్నాడు. మిగతావాళ్లు గోడకు ఆనుకొని నిలబడ్డారు. ఎవరూ ఎవరి మొహం చూడలేదు. తాంబూలం ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆయన పోతూ పోతూ మా వాడితో, "ఆ కుక్కపిల్లలకు ముందు నీళ్లు పెట్టు" అన్నాడు. నేను గెలిచినట్టు మాత్రం అనలేదు. అనకపోయినా నాకు ఫరవాలేదు.

ఆ సాయంత్రమే కుక్కపిల్లలు, కుందేళ్లు పెరట్లో వేపచెట్టు కిందికి వచ్చాయి. పైన గోనెపట్టలు కట్టాడు, పిల్లులు రాకుండా చుట్టూ ముళ్లకంప వేశాడు. నా భార్య ఇల్లిల్లూ తిరిగి, ఇంక ఆ అంగట్లోకి నూలు ఇయ్యకండని ఆడవాళ్లతో చెప్పింది. ఎందుకని అడిగినవాళ్లను ఇంటికి పిలిచి ఒంటికాలి పిట్టను చూపించింది. వదిన మాత్రం ఇప్పటికీ మా గడప తొక్కలేదు. శ్రావణంలో మా వీధివాళ్లంతా కలిసి ఉరుకుంద గుడికి పోవడానికి బస్సు మాట్లాడుకున్నారు, మమ్మల్ని పిలవలేదు. మేమిద్దరం మామూలు బస్సులో నిలబడి పోయి, దర్శనం చేసుకొని వచ్చాము.

వానలు పడ్డాయి, పోయాయి. మళ్లీ ఎండలు మొదలయ్యాయి. లవ్ బర్డ్స్, పావురాలు ఇంకా ఆ గదిలోనే ఉన్నాయి, రేకుల కింద. గోడకు కిటికీ కొట్టిస్తానన్నాడు, కొట్టించలేదు. ఇట్లాంటి దుకాణానికి ప్రభుత్వం దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలని తెలుసుకొని, ఆ మాట కూడా వాడి చెవిన వేశాను. కాగితాలు పెట్టుకుంటానన్నాడు. చూడాలి.

నిన్న వాడంతట వాడే నాతో మాట్లాడాడు, చాలా నెలల తర్వాత.

"సిన్నాయనా, ఇంగ ఎన్నాళ్లు ఇట్ల?"

"పిట్టలు బయటికొచ్చేదాకా."

"వచ్చినాక?"

"నీళ్ల గిన్నెలు సూడల్ల."

వాడు షట్టరు సగం దించుకొని లోపలికి పోయాడు. ఎండ పడమటికి తిరిగింది. నేను గొడుగు రెండో చేతిలోకి మార్చుకున్నాను.